గూట్లో సబ్బు

ఆ ల్యాబులో పైపెట్ పట్టుకోవడం నుంచి ల్యాబు పెద్ద మాస్టారి కోపాన్ని తప్పించుకోవడం దాకా అందరూ పెద్దక్క దగ్గరే నేర్చుకున్నారు. చిట్టి అయితే ఆమె కొంగు పట్టుకునే పెరిగింది. ఉన్న ఒక్క పర్మనెంటు ఉద్యోగానికి మాస్టారు చిట్టి పేరు కూడా ఎత్తినప్పటి నుంచి పెద్దక్కకు తిన్నది ఒంటబట్టడం లేదు.

వాళ్లు పనిచేసేది మెదడులోని ఒక రిసెప్టర్ ప్రోటీన్ మీద. ఐదు ముక్కలు గుండ్రంగా చేరి నాడీకణం కొవ్వు పొరలో నిలబడి ఉంటాయి, మధ్యలో సన్నటి దారి. పక్క కణం వదిలిన రసాయనం వచ్చి ముక్కల సందులోని గూట్లో కూర్చుంటే ఆ దారి తెరుచుకుంటుంది. మత్తుమందుకు కూడా పొర లోపల ఎక్కడో ఇంకో గూడు ఉందని మాస్టారి నమ్మకం. దాన్ని చూపించినవాళ్లదే ఉద్యోగం.

చిట్టి ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగున వచ్చింది. తెర మీద ప్రోటీన్ పటం, పొర లోపలి గూట్లో ఒక మసక ముద్ద.

"అక్కా, మత్తుమందు దొరికింది. రేపు అందరి ముందూ చూపించమన్నారు మాస్టారు. నువ్వొకసారి చూడవా, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

పెద్దక్క ఒక్క చూపులో పోల్చుకుంది. ప్రోటీన్‌ను కొవ్వు పొరలోంచి ఊడదీయడానికి ఒక రకం సబ్బు వాడతారు. ఆ సబ్బు అణువుకు పొడవాటి తోక ఉంటుంది, మత్తుమందుకు ఉండదు. గూట్లోంచి వేలాడుతున్నది ఆ తోకే. ఆశకొద్దీ చిట్టికి అది కనబడలేదు. గూళ్లు వెతికేవాళ్లంతా ఒకసారైనా పడే గొయ్యి ఇది. పెద్దక్కా పడింది, కానీ అప్పుడెవరో చెయ్యిచ్చి లేపారు.

"బాగుందే. ధైర్యంగా చూపించు," అంది నిమ్మకు నీరెత్తినట్టు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

మర్నాడు చిట్టి చెప్పడం అయ్యాక మాస్టారు ఒక్కటే అడిగారు.

"మందు కలపకుండా తీసిన పటంలో ఈ గూడు ఖాళీగానే ఉందా అమ్మా?"

చిట్టి ఆ పటం తెరిచింది. అదే ముద్ద, అదే తోక.

"సబ్బును కనిపెట్టావన్నమాట," అన్నారాయన. గదంతా నవ్వింది. చిట్టికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందరూ వెళ్లాక ఆయన పెద్దక్కను ఆగమన్నారు.

"నీకు తెలుసు కదూ?"

ఆమె తలూపింది.

"నాకూ నిన్ననే తెలుసు. నువ్వు చెబుతావేమోనని చూశాను. చెప్పి ఉంటే ఉద్యోగం ఆ పిల్లకే ఇచ్చేవాణ్ణి. జాలిపడేవాళ్లు నా పక్కన నిలవలేరు. నువ్వు అచ్చం నాలాంటిదానివి."

ఏళ్ల తరబడి కోరుకున్న మాట. వింటే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా, "థ్యాంక్స్ మాస్టారూ," అంది.

బయట చిట్టి కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నీకే వచ్చిందా అక్కా? పోన్లే, నా తప్పు నీ దాకా రాలేదు. నువ్వు చూసి బాగుందన్నావని మాత్రం ఎవరికీ చెప్పలేదులే."