జత లంగర్లు

దాలయ్య పొద్దున్న ఆరింటికి మొదటి చెట్టెక్కితే ఎండ ముదిరేలోగా ముప్పయ్యో చెట్టు దిగేవాడు. పూండి స్టేషన్‌కి సముద్రం వైపున్న ఊళ్ళలో కొబ్బరి దింపాలంటే అతనికే కబురు పెట్టేవారు. తుపానుకి పోగా మిగిలిన ముసలి చెట్లలో ఏది జారుతుందో, ఏ చెట్టు నెత్తిన ఎర్రచీమలున్నాయో అతనికి తెలుసు. భార్య గౌరమ్మ కింద కాయలు ఏరుతూ పైనున్న మొగుడితో ఇంటి కబుర్లన్నీ చెప్పేది. పెళ్ళై ఇరవై రెండేళ్ళు. వాళ్ళ మాటల్లో సగం ఒకరు చెట్టు మీద, ఒకరు నేల మీద ఉండగా సాగినవే.

ఒక జూన్ నెల తుంపరలో, దిగడానికి ఇంకా రెండు నిలువుల ఎత్తుందనగా కాలు జారింది. కుడిచెయ్యి మాత్రం మానుని వదల్లేదు. ఒళ్ళంతా ఆ ఒక్క చేతికే వేలాడింది. భుజం లోపల గోనెసంచి చిరిగినట్టు చప్పుడైంది. ఇసకలో పడి, లేచి, దులుపుకుని, ఏం కాలేదని నవ్వాడు. మర్నాడు తలకి తువ్వాలు చుట్టుకుందామంటే చెయ్యి లేవలేదు.

టెక్కలిలో ఎముకల డాక్టరు హేమలత ఫోటోలు తీయించి చూసింది. ఎముక బాగానే ఉందనీ, ఎముకని పట్టుకుని ఉండే కండ ఊడొచ్చిందనీ, దాన్ని మళ్ళీ ఎముకకి కట్టాలనీ చెప్పింది. శనగగింజంత మరమేకు ఒకటి అరచేతిలో పెట్టి చూపించింది. దాని చెవిలోంచి నీలం దారం వేలాడుతోంది. దీన్ని లంగరంటారట. ఎముకలో చిన్న చిల్లు పెట్టి దీన్ని దింపుతారు. కొంగముక్కులాంటి పనిముట్టుతో కండని కరిచి పట్టి ఒక్క నొక్కు నొక్కితే, లోపల్నుంచి సూదొచ్చి దారాన్ని అవతలికి దాటిస్తుంది. ఆ దారం లాగి ముడేస్తే కండ వచ్చి ఎముకకి అతుక్కుంటుంది. ఇనుమైతే వానాకాలం తుప్పు పట్టదా అని గౌరమ్మ అడిగింది. ఇనుము కాదనీ, ఏడాదిన్నరకో కాస్త అటూ ఇటూగానో అది కూడా ఎముకలో ఎముకై కలిసిపోతుందనీ డాక్టరు నవ్వకుండా జవాబిచ్చింది.

ఆపరేషనైన మర్నాడు నర్సు సుధారాణి ఇంటికి పంపుతూ కాగితం రాసిచ్చింది. ఆరు వారాలు చెయ్యి జోలెలో ఉండాలి. ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు. తర్వాత గోడమీద వేళ్ళు పాకించే కసరత్తు రోజూ చెయ్యాలి. అట్టడుగున "జత: వనజ, కాశీబుగ్గ" అని రాసి ఫోను నెంబరేసింది. లంగర్లు పెట్టెకి రెండొస్తాయి. రెండోది అదే రోజు ఆ వనజ అనే ఆవిడకి వేశారు. ఒక పెట్టెలోవి వేయించుకున్నవాళ్ళలో ఒకరి చెయ్యి ఎంత లేస్తే రెండోవారి చెయ్యీ అంతే లేస్తుంది గనక, ఇద్దరూ మాట్లాడుకుని కసరత్తు చేసుకోమని సుధారాణి చెప్పింది. గౌరమ్మ ఆ కాగితం మడిచి రేషను కార్డుతోపాటు దాచింది.

ఆరు వారాలకి జోలె తీశారు. ఇక చెట్లెక్కడం మానుకోవాలని డాక్టరు అప్పుడే చెప్పింది. దాలయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. గోడ దగ్గరికి వెళ్ళమని గౌరమ్మ పోరితే వినిపించుకోలేదు. కాశీబుగ్గ నుంచి ఫోనొస్తే తీయలేదు. తను ఎక్కిన చెట్లు వేరేవాళ్ళు ఎక్కుతుంటే అటు తలెత్తేవాడు కాదు.

పన్నెండో రోజున వాకిట్లో ఆటో ఆగింది. నలభై ఏళ్ళ మనిషి దిగింది. ముతక చీర, వేళ్ళ కొసలు జీడిపిక్కల పాలకి నల్లబడి ఉన్నాయి. కుడిచెయ్యి పొట్టకి ఆనించుకునే నడిచొచ్చింది.

"అన్నయ్యా, నేను వనజని," అంది. "నువ్వు సెయ్యెత్తకపోతే నా సెయ్యి లెగడం నేదు."

"ఎత్తి ఏటి సెయ్యాలమ్మా. సెట్టెక్కొద్దన్నాది డాక్టరమ్మ."

"నువ్వు సెట్టెక్కక్కర్నేదు. నేను మా ఆయన్ని మంచం మీంచి లేపాల. వారానికి మూడు దినాలు పలాసలో డయాలసిస్. ఆయన్ని లేపీ లేపీ కదా ఈ భుజం ఇలగయినాది. ఇప్పుడు పక్కింటోళ్ళని పిలుత్తన్నాను. రోజూ ఎవులొత్తారు సెప్పు?"

ఆమె గొంతులో కోపం లేదు. అంత దూరం నుంచి వచ్చిన అలసట ఉంది. గౌరమ్మ మంచినీళ్ళిస్తే ఎడంచేత్తో పుచ్చుకుంది. దాలయ్య లేచి గోడ దగ్గరికెళ్ళి వేళ్ళు ఆనించాడు. రొమ్ము దాటి రెండు జానలు పైకి పాకేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరుగు మీద కూర్చున్న వనజ చెయ్యి పొట్ట మీంచి దానంతటదే లేచింది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని, పళ్ళు బిగించి, నొప్పి ఓర్చుకుంది. గౌరమ్మ బొగ్గుముక్క తెచ్చి గోడమీద గీత గీసింది.

ఆ రోజు నుంచి పొద్దున్న ఆరింటికి ఫోను స్పీకరులో పెట్టుకుని అక్కడామె, ఇక్కడితను గోడ పాకేవారు. వనజ భర్త ఏలీయా మంచం మీంచి లెక్క చెప్పేవాడు. అంతకుముందు పలాస స్టేషన్ దగ్గర ఆటో నడిపేవాడు. భారీ మనిషి, మాటకారి. ఎనిమిది రెండుసార్లు చెప్పి అదనంగా ఒకటి చేయించేవాడు. దాలయ్య ఆ మోసం పట్టేసేవాడు. "ఎనిమిదైపోనాది బావా" అని ఇక్కణ్ణుంచి అరిస్తే, "నీకు లెక్కలొచ్చా బావా" అని అక్కణ్ణుంచి నవ్వేవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. వరసలు మాత్రం కలిసిపోయాయి. దసరా వెళ్ళేసరికి బొగ్గుగీతలు తలుపు పైకమ్మి దాటాయి. వనజ మళ్ళీ జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్ళసాగింది.

ఒక సోమవారం పొద్దున్న ఏడున్నరకి దాలయ్య టీ తాగుతుంటే కుడిభుజం మీద పెద్ద బరువు పడింది. గ్లాసు జారి కింద పడింది. కంగారుగా ఫోను చేశాడు.

"మీ బావని లేపి ఆటో ఎక్కించినానన్నయ్యా," అంది వనజ. "ఈయాల తేలిగ్గున్నాడేటని అనుకుంతన్నాను."

అప్పట్నుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో ఆ వేళకి దాలయ్య కాయల బుట్ట ముందర కాళ్ళు దన్నుకుని నిలబడేవాడు. భుజం మీద బరువు తగలగానే బుట్ట ఎత్తేవాడు. తను ఎత్తినంతసేపూ అక్కడ వనజకి సగమే మోత. కొన్నాళ్ళకి ఆ బరువులో తేడాలు కూడా అతనికి తెలిసొచ్చాయి. "బావ నీల్లు ఎక్కువ తాగీసినాడు, రెండు కేజీలు పెరిగినాడు" అని ఫోనులో ఫిర్యాదు చేసేవాడు. ఆసుపత్రి తూకంలోనూ అదే తేలేది. దొంగతనంగా నీళ్ళు తాగినందుకు వనజ తిట్టేది. ఇంట్లో చెంబు దాచుకోవచ్చుగానీ పూండి దగ్గరున్న భుజానికి తెలియకుండా ఎలా తాగడమని ఏలీయా వాపోయేవాడు.

మిగతా వేళల్లో దాలయ్య పెరట్లో కూర్చుని కొబ్బరికాయల పీచు ఒలిచేవాడు. ఆ పనిలో అతనికి మనసు లేదు. వారంలో ఆ మూడు పొద్దులే తను మనిషిలా ఉంటున్నానని గౌరమ్మతో ఒకసారి అన్నాడు.

మరుసటేడు కార్తీకం వెళ్ళాక ఒక బుధవారం ఏడున్నర అయింది. దాలయ్య నిలబడ్డాడు. భుజం మీద ఏమీ పడలేదు. చూసిచూసి బుట్ట ఎత్తాడు. బుట్టలో కాయలెంతో అంతే బరువు. దించి మళ్ళీ ఎత్తాడు. ఫోను చేస్తే మోగిమోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. బుట్ట కింద పెట్టి గౌరమ్మ వైపు చూశాడు. ఆమె చీర మార్చుకోకుండానే చెప్పులేసుకుంది.

ఇద్దరూ ఆటో పట్టుకుని బయల్దేరారు. కాశీబుగ్గలో ఇంటికి తాళం ఉంది. డయాలసిస్‌కే వెళ్ళారని పక్కింటావిడ చెప్పినా దాలయ్య నమ్మలేకపోయాడు. పలాసలో డయాలసిస్ సెంటరుకి వెళ్ళి తలుపు తోసేసరికి మూడో మంచం మీద, చేతికి రెండు గొట్టాలతో, ఒక భారీ మనిషి ఇడ్లీ తింటున్నాడు.

"ఎవులు కావాల?" అన్నాడతను. ఆ గొంతు విని దాలయ్య "బావా" అంటూ గోడకి ఆనుకున్నాడు. ఏలీయా అతని ముఖం కేసి చూసి ఇడ్లీ పక్కన పెట్టాడు. "నువ్వేటి బావా?"

వనజ పరుగెత్తుకొచ్చింది. పొద్దున్న లేపుతుంటే బరువంతా తన మీదే పడిందనీ, అన్నయ్యకేదో అయిందని భయపడ్డాననీ, ఆ కంగారులో ఫోను ఇంట్లోనే మర్చిపోయాననీ చెప్పింది. గౌరమ్మ సుధారాణికి ఫోను చేసింది. లంగర్లు ఎముకల్లో కలిసిపోయుంటాయి, జత తీరిపోయింది, మంచిదే కదా అని సుధారాణి అంది. ఆ మాట విని దాలయ్య కుడిభుజం తడుముకున్నాడు.

మధ్యాహ్నం గొట్టాలు తీశారు. భర్తని లేపడానికి వనజ వంగబోతే దాలయ్య ఆగమన్నాడు. మంచం పక్కకెళ్ళి ఏలీయా చంక కింద చెయ్యి పోనిచ్చాడు. ఏడాదికి పైగా మోసిన మనిషే. ఆ బరువు వెచ్చగా ఉంటుందనీ, దానికి పౌడరు వాసనా మందుల వాసనా ఉంటాయనీ అప్పుడే తెలిసింది. ఏ క్షణంలో ఒళ్ళు వెనక్కి తూగుతుందో, ఎప్పుడు మోకాళ్ళు దన్నుకుంటాయో భుజానికి ముందే తెలుసు. ఒక్క ఊపులో లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏలీయా ఇంకా అతని మెడ పట్టుకునే ఉన్నాడు.

"ఇంత సుకంగా నన్నెవులూ లేపనేదు బావా," అన్నాడు మెల్లిగా.

పక్క మంచం మీద నందిగాం నుంచి వచ్చే బొడ్డమ్మ అనే ముసలావిడ, తననీ అలాగే లేపమంది. దాలయ్య లేపాడు. ఆ తర్వాత అవతలి మంచం ఆయన్ని. సాయంత్రం బ్యాచీ వచ్చేసరికి తొమ్మిదిమందిని ఎక్కించి, దించాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న సిస్టరు జ్ఞానసుందరి, ఇదివరకు ఏ ఆసుపత్రిలో చేశారని అడిగింది.

"కొబ్బరి దింపేవోణ్ణండి," అన్నాడు దాలయ్య.

ఇక్కడ మనిషి అవసరం ఉందనీ, శుక్రవారం నుంచి రాగలరా అనీ ఆమె అడిగింది. దాలయ్య గౌరమ్మ వైపు చూశాడు. గౌరమ్మ సిస్టరుకే తల ఊపింది.

తిరుగు ఆటోలో దాలయ్య భుజం రుద్దుకుంటున్నాడు. గౌరమ్మ కంగారుపడి, లంగరేసిందేనా అని అడిగింది. కాదు, ఎడందన్నాడు. అలవాటు లేదు కదా, పట్టేసిందన్నాడు. జీడితోటలు దాటేదాకా ఆమె అతని ఎడంభుజం మీద చెయ్యి వేసే ఉంచింది.

"సుక్కురోరం అన్నం ఏటి కట్టమంతావు?" అని అడిగింది.

"ఏదైనా కట్టు. ఇద్దరికి కట్టు. వనజ పొద్దున్నేటీ తిండం నేదు."

"నీకెలగ తెలిసినాది?"

"సూసినాను," అన్నాడు దాలయ్య.