సున్నం మరకల తాటిబల్ల

నేను ఒక తాటిబల్లని. తుని దాటాక పెద్దరోడ్డు పక్కనున్న కల్లుపాక నా ఊరు, నా పేరు, నా సర్వస్వం. కల్లు ఇచ్చి ఇచ్చి ఎండిపోయిన చెట్టును పోలయ్య తండ్రి కొట్టించి రెండుగా చీల్చాడు. ఒక చీలికకు కాళ్లు పెడితే నేనయ్యాను. రెండోది కాలవ మీద వంతెనయింది. పాపం, దాన్ని తొక్కుతారు. నా మీద కూర్చుంటారు. అదృష్టమంటే అదీ.

అది తెల్లదొరల కాలం. ఒకసారి గుర్రం నాడా ఊడి, ఓ సర్వే దొర నా మీద కూలబడ్డాడు. ముంతెడు తాగి, ఈ పాక రోడ్డుకు పట్టిన చీడ అని పుస్తకంలో రాసుకున్నాడట, బంట్రోతు చెప్పాడు లెండి. మర్నాడు గుర్రం బాగానే ఉన్నా మళ్లీ వచ్చాడు.

పోలయ్య చేతికి పాక వచ్చిన కొన్నేళ్లకు మద్యనిషేధం వచ్చింది. పులిసిన కల్లు అమ్మితే జైలు, పాకకు తాళం. కుండ లోపల సున్నం పట్టించి చెట్టుకు కడితే కల్లు పులవదు, తియ్యగా ఉంటుంది. అదయితే అమ్ముకోవచ్చన్నారు. పోలయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"మా తాతముత్తాతలు ఎరగరే ఈ సున్నం కుండలు. జనానికి పానకం పోసి, ఈ రోడ్డు మీద తలెత్తుకు తిరగ్గలనా?" అన్నాడు పెళ్లాం అచ్చియ్యమ్మతో.

"తలెత్తుకుని జైలుకెళ్తావా మావా?" అంది ఆవిడ.

మొగుడు ఇంట్లో ఉండాలి, పాక తలుపు తెరిచి ఉండాలి. ఆవిడకు కావలసింది అంతే. అందుకని అతను సంతకు వెళ్లినప్పుడు, నా మీదే కూర్చుని కుండలన్నిటికీ లోపల సున్నం పట్టించింది. చిందిన సున్నం నా మీద తెల్లమరకలు కట్టింది. పోలయ్యకు చూపు మందగించింది, కనిపెట్టలేడులే అని ధీమా.

మర్నాడు పొద్దున్నే కల్లు దిగింది. మొదటి ముంత బండి తోలే లచ్చన్నది. ఓ గుక్క తాగి, పోలయ్య మొహం చూశాడు. గటగటా ముంత ఖాళీ చేశాడు. కాసేపటికి ఊగుతూ పాట ఎత్తుకున్నాడు. మిగతావాళ్లూ తలలు వాల్చి తూలడం మొదలెట్టారు. తాగినవాడు ఎలా కూర్చుంటాడో నాకు తెలియదా? ఒక్కడికీ ఎక్కలేదు. పోలయ్య పరువు కోసం పడుతున్న పాట్లవి. ఆ పూట వాళ్లందరూ నాకు ముద్దొచ్చారు.

సరిగ్గా అప్పుడే అబ్కారీ ఇనస్పెక్టరు సైకిలు దిగాడు. ఊగుతున్న లచ్చన్నను చూసి మీసం దువ్వుకున్నాడు.

"దొరికావు పోలయ్యా," అంటూ ముంత ముంచి వాసన చూశాడు. తాగాడు. మళ్లీ తాగాడు. "తియ్యగానే ఉందే. మరి వాడెందుకు ఊగుతున్నాడు?"

"అలవాటండి బాబూ," అంది అచ్చియ్యమ్మ, ఇంకో ముంత నింపుతూ.

ఆయన ఇంకో రెండు ముంతలు తాగి వెళ్లిపోయాడు. అప్పుడు పోలయ్య వచ్చి నా మీద కూర్చుని, కుండ లోపల వేలు పెట్టి తడిమాడు.

"అడుగున సున్నం పల్చగా పడిందే. రేపు నేను పట్టిస్తాలే."

"నీకు తెలుసా?"

"కళ్లు పోయాయి గానీ ముక్కు పోలేదుగా."

అచ్చియ్యమ్మ అతని పక్కన కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత నవ్వింది.

ఇప్పుడక్కడ టీకొట్టు. నా కాళ్లలో ఒకటి కొత్తది. లారీలవాళ్లు కూర్చుంటారు, హాయిగానే ఉంది. పోలయ్య మనవరాలు రోజూ నన్ను తడిగుడ్డతో తుడుస్తుంది. ఆ తెల్లమరకల దగ్గర మాత్రం గట్టిగా రుద్దదు.