అడుగున నీలి చుక్కలు

లెక్కల పిల్లకి తన ప్రోగ్రాం అంటే తగని మురిపెం. డిగ్రీ రెండో ఏడు కాగానే వేసవి శిక్షణకని ఈ జీవశాస్త్ర ల్యాబ్‌కు వచ్చింది. ప్లేట్లలో పెంచిన బాక్టీరియా గుంపులు గుంపులుగా తెల్లటి చుక్కల్లా కనిపిస్తుంది. ప్లేటుకు ఫొటో తీస్తే చుక్కలెన్నో కంప్యూటరే చెప్పాలి. ఎనిమిది వారాల్లో చేయాల్సిన పని అది. మూడో వారానికే చేసేసి, ఇక మనిషి నేల మీద నిలవలేదు.

ప్లేట్లు వేసేది, అంటే వాటిలో బాక్టీరియా పెంచేది, ల్యాబ్ అక్క. పదిహేనేళ్లుగా అదే బల్ల, అదే స్టూలు, అవసరమైతే తప్ప నోరు విప్పదు. ఆమె పంపే ప్లేట్ల అడుగున ఎప్పుడూ నీలి సిరా మరకలు, అంచున ఏవో అంకెలు ఉండేవి. ఫొటో పాడవుతుందని పిల్ల వాటిని స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడిచేసేది. "చేతిలో పెన్నుంటే అక్క ఊరుకోదు," అని తోటి వాళ్లతో నవ్వేది కూడా.

నాలుగో సోమవారం సమావేశంలో, తెర మీద పిల్ల చూపిన లెక్కల గీత చక్కగా పైకెక్కుతూ వచ్చి మూడు ప్లేట్ల దగ్గర గోతిలో పడింది.

"ఇదేంటమ్మా?" అన్నారు ప్రొఫెసర్ మేడమ్.

తెలియదంటే సరిపోయేది. అంతమందిలో ఆ మాట అనడానికి నామోషీ వేసింది మహాతల్లికి.

"ప్రోగ్రాంలో తప్పేం లేదు మేడమ్. ప్లేట్లు వేసేటప్పుడే ఏదో తేడా వచ్చుంటుంది."

అందరూ వెనక వరుస వైపు తిరిగారు. అక్క ఏదో చెప్పబోయి, పిల్ల ముందున్న ప్లేట్ల వంక చూసి ఆగిపోయింది. మేడమ్ మంచి మనిషే గానీ తొందరెక్కువ. ఆ మూడూ మళ్లీ వేయమన్నారు. ఇకమీదట అక్క ఏం కలిపిందో రాసే పుస్తకంలో రోజూ పిల్ల చూసి సంతకం పెట్టాలన్నారు.

అలా రోజూ పొద్దున్నే, తన కూతురి వయసున్న పిల్ల ముందు అక్క పుస్తకం తెరిచి నిలబడేది. "చూసుకోమ్మా." పిల్ల చూసినట్టు నటించి సంతకం గీకేది.

మళ్లీ వేసిన ప్లేట్ల వంతు ఏడో వారంలో వచ్చింది. వాటిలోనూ లెక్క తగ్గింది. అక్క తప్పు ఈసారి ఎలాగైనా పట్టేయాలని పిల్ల ఫొటోని పెద్దది చేసి చూసింది. ఒకదానికొకటి అంటుకున్న చుక్కల్ని ప్రోగ్రాం ఒకటిగానే లెక్కేస్తోంది. పాత ఫొటోలు తీసి తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. ప్రోగ్రాం చెప్పింది నూట ముప్ఫై ఎనిమిది, కంటికి కనిపించేవి రెండు వందల పదకొండు.

సరిచేయడానికి అరగంట పట్టింది. చెప్పడానికే ముఖం చెల్లలేదు. రేపు చెబుదాం, శిక్షణ చివర్న ఇచ్చే ప్రసంగం అయ్యాక చెబుదాం అనుకుంటూ, తప్పు తనదని తెలిశాక కూడా అయిదు సంతకాలు పెట్టింది. ఆ అయిదూ ఆమెకి అన్నం సయించనివ్వలేదు.

చివరి రోజు ప్రసంగంలో గీత ఎక్కడా కుంగలేదు. "చూశారా! కాస్త జాగ్రత్తపడితే ప్లేట్లు ఎంత బాగా వస్తాయో," అన్నారు మేడమ్, అక్క వైపు చూసి. అక్క తల వంచుకుంది.

ఇక పిల్ల వల్ల కాలేదు. "ప్లేట్లు అప్పుడూ బాగానే ఉన్నాయి మేడమ్. తప్పు నా ప్రోగ్రాంది... కాదు, నాది. వారం నుంచీ తెలుసు. చెప్పలేదు."

"వారం నుంచా?" అన్నారు మేడమ్. అంతకు మించి ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది.

అక్క సింకు దగ్గర సీసాలు కడుగుతోంది.

"క్షమించండక్కా. మీరైనా ఆ రోజు ఒక్క మాట అనుంటే..." అని, అంతలోనే నాలుక కరుచుకుంది పిల్ల.

"రోజూ అంటూనే ఉన్నాను కదమ్మా. ప్రతి ప్లేటూ నేనూ లెక్కపెడతాను. లెక్కపెట్టిన చుక్క కింద సిరా చుక్క, మొత్తం ఎన్నో అంచున. ఆ మూడింటి మీదా రాశాను. సమావేశంలో చూపిద్దామని నోరు తెరిచాను కూడా. చూపించడానికి వాటి మీద ఏం మిగిల్చావు?"

స్పిరిట్ వాసన ఇంకా తన వేళ్లకే ఉన్నట్టనిపించి, పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

అక్క తడి చేతులు తుడుచుకుని, పుస్తకం తెరిచి ఆమె ముందుకు జరిపింది.

"ఇవాళ్టి సంతకం పెట్టమ్మా. మేడమ్ ఇంకా వద్దనలేదుగా."