పుట్టకముందే వచ్చే పిల్ల

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు వెంకటనర్సయ్య కోడిపిల్లల నీళ్ల గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగం వెనక రేకుల షెడ్డులో నలభై పుంజుపిల్లలున్నాయి. సగానికి రోజూ సూదితో నూనె మందు వేయాలి, సగానికి ఉత్త నూనె. మందు పేరు టెస్టోస్టెరోన్, మగ హార్మోను. అది పడిన పిల్లలకు పది రోజుల్లో నెత్తి మీద తురాయి ఎర్రగా లేచేది. గుప్పెడంత లేని పిల్ల కూయడానికి గొంతు సవరించేది. పదకొండో రోజు వాటిని కోసేవారు. తురాయి తూచి పుస్తకంలో రాయడం అటెండరుగా అతని పని. వృషణాలు తూచడం పరిశోధక విద్యార్థిని కామాక్షి పని. కర్నూలు నుంచి వచ్చిన అమ్మాయి. పెద్దవాడి ముందు ఆ పని చేయడానికి సిగ్గుపడి పక్క గదిలో తలుపు వేసుకుని తూచేది. లోపల ఏం తేలిందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అది 1968.

అతని ఇల్లు తార్నాకలో. ఆ ఇంటి గడప మీద రోజూ సాయంత్రం ఐదున్నరకు ఒక పిల్ల వచ్చి కూర్చునేది. నాలుగేళ్లుంటాయి. ఇంకా పుట్టలేదు. వెంకటనర్సయ్యకు, లింగమ్మకు పుట్టవలసిన పిల్ల. మూడేళ్లుగా వస్తోంది, వీధిలో అందరికీ తెలుసు. లింగమ్మ తలకు నూనె రాసి రెండు జడలు వేసేది. దీపాలు పెట్టే వేళకు పిల్ల లేచి వెళ్లిపోయేది. రేషను కార్డులో పేరు ఎక్కించమని లింగమ్మ ఒకసారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే, గుమాస్తా పిల్లను పైనుంచి కిందికి చూసి, "పుట్టినంక తీస్కరా అమ్మా. ఇప్పుడే రాస్తే పై ఆఫీసరు ఊకోడు" అన్నాడు.

పెళ్లయి పద్నాలుగేళ్లు. ఆసుపత్రిలో డాక్టరు వెంకటనర్సయ్య వీర్యం పరీక్ష చేయించి, కణాలు తక్కువే గాని ఉన్నాయని, ఓపిక పట్టమని చెప్పాడు. పట్టాడు. జూన్‌లో నలభై ఏళ్లు నిండాయి. షెడ్డులో కోడిపిల్లలు పది రోజుల్లో పుంజులవుతున్నాయి. సీసాల అడుగున మిగిలిన మందు పారబోసే పని కూడా అతనిదే. దాన్ని పారబోయకుండా వారానికి రెండుసార్లు తన తొడకు వేసుకోవడం మొదలుపెట్టాడు. లింగమ్మకు చెప్పలేదు.

నెలలో బలం వచ్చింది. దాణా బస్తా ఒక్కడే ఎత్తేవాడు. ముఖం ఎర్రబడింది, మెడ నిండా మొటిమలు లేచాయి. పొద్దున లేవగానే తలనొప్పి.

పక్కింటి అమృతమ్మ గోడ మీదుగా నవ్వింది. "ఏంది లింగమ్మా, మీ ఆయనకు మల్ల పెండ్లి జేస్తున్నవా? పోరగాని లెక్క మొటిమలొచ్చినయి."

"నువ్వే చూడక్కా ఒక పిల్లను. వంట రాకున్నా మంచిదే, ఈయన కోపానికి ఆగితె చాలు."

ఆగస్టులో లింగమ్మ ఒక సంగతి గమనించింది. పిల్లను చంకనెత్తుకుంటే బరువు లేదు. రెండు జడలకు వచ్చే జుట్టు ఒక్క జడకు చాలడం లేదు. సెప్టెంబరుకు వెనక ఉన్న తలుపు గొళ్లెం పిల్లలోంచి కనిపించసాగింది.

"పిల్ల పల్చబడ్డదయ్యా."

"ఎండకు."

"వానకాలంల ఎండేంది?"

"ఊకో యే. జల్ది పుడ్తది. నేను జూస్తున్న గద."

అక్టోబరు తొమ్మిదిన గాజు పలక గుచ్చుకుని కామాక్షి వేలు తెగింది. కట్టు కట్టుకుని, గిన్నెలు అందించడానికి అతన్ని లోపలికి పిలిచింది. బల్ల మీద రెండు గాజు గిన్నెలున్నాయి. ఒకదాంట్లో బియ్యపు గింజలంతవి, రెండోదాంట్లో నువ్వుగింజలకన్నా చిన్నవి.

"ఈ చిన్నయి మందు ఎయ్యనియా అమ్మా?"

"కాదన్నా. అవే మందు వేసినవి."

"వాటికే గద తురాయి పెద్దగైంది?"

"పైకి అన్నీ పెరుగుతాయి." ఆమె పుస్తకంలోకి చూస్తూ చెప్పింది. "మందు బయటినుంచి వస్తా ఉంటే, లోపలిది ఇంక నేనెందుకని పని ఆపేస్తుంది. వాటికి పిల్లలు కలగవు."

"ఆపితే?"

"కొన్నిటికి మళ్లీ వస్తుంది. ఆలస్యమవుతుంది. కొన్నిటికి రాదు." అప్పుడు తలెత్తి అతని మెడ చూసింది. "ఎన్నాళ్ల నుంచి అన్నా?"

"నేను కోళ్ల గురించే అడిగిన."

"నేనూ కోళ్ల గురించే అడుగుతున్నా. ఎన్నాళ్ల నుంచి?"

"జూన్ నుంచి."

ఆమె కలం కింద పెట్టింది. "ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా."

"ఆడపిల్లవు. ఎట్లడుగుత?"



ఆ సాయంత్రం గడప మీద పిల్ల అంచులు మాత్రమే కనిపిస్తున్నాయి. వెంకటనర్సయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆపేసిన బిడ్డా. ఇయాల్టి నుంచి లేదు. జర ఆగు."

పిల్ల అతన్ని చూసింది. లింగమ్మ వైపు చూసింది. లేచి, గల్లీలోకి నడిచి వెళ్లిపోయింది. దీపాల వేళకు ఇంకా అరగంట ఉంది.

"ఏం ఆపినవ్?" అంది లింగమ్మ.

చెప్పాడు. ఆమె చేతిలోని దువ్వెన గూట్లో పెట్టింది.

"నాకొక్క మాట జెప్తె అయిపోవు. పిల్ల ఎందుకు పల్చబడ్డదో నేను జెప్పకపోదునా?"

మర్నాడు పిల్ల రాలేదు. సోమవారం వెంకటనర్సయ్య ఆసుపత్రికి వెళ్లాడు. రక్తపోటు నూట డెబ్బై. రక్తం చిక్కబడిందని, ఇంకో ఏడాది ఇలాగే వేసుకుంటే గడ్డకట్టి గుండెకో మెదడుకో పోయేదని డాక్టరు చెప్పాడు. గురువారం వీర్యం పరీక్ష కాగితం వచ్చింది. కణాలు లేవు. ఆరు నెలలాగి రమ్మన్నాడు. ఓపిక పట్టమని ఈసారి అనలేదు.

లింగమ్మ ఐదున్నరకు గడప మీద కూర్చోవడం మానలేదు.

పంతొమ్మిదో తేదీన అమృతమ్మ గోల్నాకలో చుట్టాలింటికి వెళ్లి వచ్చింది. గోడ దగ్గర నిలబడి మాట్లాడలేదు, లోపలికి వచ్చి కూర్చుని చెప్పింది. అక్కడ బుచ్చిరాములు అనే దర్జీ ఇంటి గడప మీద ఆగస్టు నుంచి ఒక నాలుగేళ్ల పిల్ల కూర్చుంటోంది. మొదట్లో పల్చగా ఉండేదట. ఇప్పుడు ఎత్తుకుంటే బరువు తెలుస్తోంది. దర్జీ భార్యకు మూడో నెల.