కూతురి వార్త ఏ పేజీలో?

యూనివర్సిటీ మాసపత్రిక అచ్చుకు వెళ్లడానికి ఇంకో గంటే ఉంది. ఎడిటర్ ముందు రెండు కాగితాలున్నాయి. నీళ్లలోని విషాన్ని పట్టిచ్చే పరీక్ష కనిపెట్టారన్న వార్త మొదటి పేజీకి, సంతాపం చివరి పేజీకి. రెండింట్లోనూ ఉన్నది ఒక్కరే, పోయిన వారం జ్వరంతో కన్నుమూసిన ఆయన కూతురు. ఒక మనిషి గురించి ఒక సంచికలో ఒక్క వార్తే వెయ్యాలన్న నియమం పెట్టిందీ ఆయనే.

"ఈ ఒక్కసారికి రెండూ వేసేద్దాం సార్. ఎవరేమంటారు?" అంది పేజీలు పేర్చే అమ్మాయి.

"వద్దమ్మా. మొదటిదే వెయ్యి. సంతాపం వచ్చే నెల చూద్దాం."

"తెలియనివాళ్లు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెబుతారు సార్. తట్టుకోగలరా?"

"చెప్పనీ తల్లీ. 'నాన్నా, నీ మొదటి పేజీ ఎక్కేలోపు నేను ముసలిదాన్నైపోతానేమో' అని ఈ పరిశోధన చేసిన ఆరేళ్లూ ఆటపట్టించింది. వారం నుంచీ అందరూ నన్ను ఓదార్చేవాళ్లే. దాన్ని శభాష్ అన్నవాళ్లు ఒక్కరూ లేరు."

ఆ అమ్మాయి ఆయన కూతురు నవ్వుతున్న ఫొటో ఒకటి వెతికి పేజీలో పెట్టింది. ఆయన తప్పులు దిద్దడానికి కళ్లజోడు పెట్టుకున్నాడు. కూతురి పేరు దాటి ఒక్క అక్షరం కూడా ముందుకు వెళ్లలేకపోయాడు.

"నువ్వే చూడమ్మా" అని కాగితం ఆమె వైపు జరిపాడు.