పంకా ఆగిన గంట

తాడు కుడిచేతిలోంచి ఎడమచేతికి మారింది. గోడకవతల చాప పంకా ఒక్క ఊపు కూడా తప్పలేదు. ముప్పై ఏళ్లుగా యెహెజ్కేలు చేస్తున్న పని ఇదే: కచేరీ వరండాలో గోనెపట్టా మీద కూర్చుని, గోడ కన్నంలోంచి వచ్చే తాడు లాగడం, వదలడం. లోపల మేజిస్ట్రేటుగారికి చల్లగా ఉండాలి, బయట ఇతని వీపు మే నెల ఎండకి మాడాలి. అరచేతుల్లో కాయలు నల్లగా గట్టిపడ్డాయి. కుడిభుజం ఎడమదానికంటే కాస్త ఎత్తు.

ఊరికి ఎగువన గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు లేస్తున్న రోజులవి. మాలపేటవాడు ఆ హాలు గడప దాటకూడదని ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు. అయితే చెవులకి గడప అడ్డం కాదు కదా! "నేరం చేశావా?" అని లోపల అడిగితే, ముద్దాయి జవాబు ఇతనికి ముందే తెలిసిపోయేది. విన్నమాట సాక్ష్యం కాదని, కళ్లతో చూసిందే చెప్పాలని కొత్త వకీళ్లకంటే ఇతనికే బాగా తెలుసు.

అమాయకుడన్న మాట రోజుకి పదిసార్లు వినపడేది. ఫీజు ముట్టిన వకీళ్లు దాన్ని బల్ల గుద్ది అనేవారు. యెహెజ్కేలు గురించైతే గుమాస్తాలు అదే మాట జాలిగా నవ్వుతూ అనేవారు. ఆ నవ్వంటే ఇతనికి ఒళ్లుమంట. ముప్పై ఏళ్లూ పళ్లబిగువున భరించాడు.

ఆ రోజు పదకొండు గంటలకి తాడు తెగింది. కొసలు రెండూ పురి విప్పి, కలిపి పేని, ముడి బిగించి మళ్లీ ఎక్కించేసరికి పన్నెండయింది. అంతసేపూ లోపలివాళ్లు ఉక్కకి విసుక్కోవడం వినిపిస్తూనే ఉంది.

మళ్లీ లాగడం మొదలుపెట్టాడో లేదో, లోపల కలకలం రేగింది. కోరుకొండ నుంచి వచ్చిన రత్తమ్మ అనే విధవరాలి భూమి దస్తావేజు ఫైల్లో లేదు. పొద్దున ఉంది. అది లేకపోతే ఆవిడ రెండెకరాలూ పోయినట్టే.

కాసేపటికి హెడ్డు గుమాస్తా వెంకటరాజు వరండాలోకి వచ్చాడు. చేతిలో అప్పుడే రాసిన కాగితం ఉంది. గొంతులో ఎక్కడలేని దయ ఒలికిపోతోంది.

"ఒరే యెహెజ్కేలూ, పంకా మరీ గట్టిగా లాగేశావురా. పదకొండున్నరకి దస్తావేజు ఎగిరిపోయి కిటికీలోంచి గట్టుకింద గోదాట్లో పడింది. నా కళ్లారా చూశాను. పాపం అమాయకుడండి, తెలియక చేశాడండి అని అయ్యగారితో చెప్పాను. క్షమించేశారు. దీనికింద నిశానీ పెట్టు, ఓ గీత గీస్తే చాలు. నీ పని నీకుంటుంది."

"నేను చెయ్యలేదండి."

"కావాలని చేశావన్నానా? తెలియక చేశావంటున్నాను."

"తెలియక కూడా చెయ్యలేదండి."

యెహెజ్కేలు తాడు వదిలేసి లేచాడు. మోకాళ్లు పట్టేశాయి. తలగుడ్డ విప్పకుండానే గడప దాటాడు. గది తాను అనుకున్నదానికంటే చిన్నది. ఇంత గదికా ముప్పై ఏళ్లు విసిరాను అనిపించింది. నేరుగా వెళ్లి ముద్దాయిలు నిలబడే బోనులో నిలబడ్డాడు. వెంకటరాజు ఆ కాగితం పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"అడగండి బాబూ," అన్నాడు యెహెజ్కేలు. "అందర్నీ అడుగుతారు కదండీ, నేరం చేశావా అని. నన్నూ అడగండి."

"నిన్ను క్షమించాం కదరా, వెళ్లు," అన్నాడు మేజిస్ట్రేటు.

"చెయ్యనిదానికి క్షమించడమేంటండి? పదకొండున్నరకి కాగితం ఎగిరిందని రాజుగారు రాశారండి. పదకొండు నుంచి పన్నెండు దాకా పంకా ఆగిపోయిందండి. తాడు తెగింది, ముడి చూసుకోండి. గాలి లేకుండా కాగితం ఎలా ఎగురుద్దండి?" వెంకటరాజు వైపు తిరిగాడు. "ఆ గంటలో మీరీ హాల్లో ఉంటే మీకూ చెమట పట్టేదండి."

"ఆయ్, నిజమేనండి బాబూ," అంది వెనకనుంచి రత్తమ్మ. "ఉడికిపోయామండి."

మేజిస్ట్రేటు చేయి తనకి తెలియకుండానే తడిసిన మెడపట్టీ మీదికి పోయింది. ఇందాక చదవకుండా తల ఊపేసిన కాగితాన్ని తీసుకుని ఇప్పుడు చదివి, బల్ల మీద పడేశాడు. "రాజుగారూ, ఆ గంటలో మీరెక్కడున్నారు?"

వెంకటరాజు చూపు తలుపు వైపు పోయింది. మేజిస్ట్రేటు యెహెజ్కేలు వైపు తిరిగాడు.

"మరి ఎవరు తీశారురా?"

"నేను చూళ్లేదండి. చూడనిది చెప్పనండి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు ముఖం ఎర్రబడింది. పంకావాడి చేత పాఠం చెప్పించుకోవడం ఏ అధికారికి మాత్రం నచ్చుతుంది? "దస్తావేజు సంగతి మేం విచారిస్తాం. అందులో నీ తప్పు లేదు. అసలు ఎవరి అనుమతితో లోపలికొచ్చావు?"

యెహెజ్కేలుకి గుండె నిండా సంతోషం పొంగింది. ఇన్నేళ్లకి తనని ఒక ప్రశ్న అడిగారు!

"ఎవరినీ అడగలేదండి. ఆ నేరం నేనే చేశానండి. తెలిసే చేశాను. అలాగే రాసుకోండి."

రాసుకున్నారు. రేపటినుంచి పనిలోకి రావద్దన్నారు. రత్తమ్మ లేచి నిలబడి దారి ఇచ్చింది. అతను అదే గడప దాటి, గట్టు వెంబడి ఎండలో పేటకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ వరండాలో ఎవరికీ కనిపించలేదు.

హాల్లో గాలి ఆగిపోయింది. బల్ల మీద ఆ క్షమాపణ కాగితం, కింద నిశానీకని వదిలిన ఖాళీ ఖాళీగానే, కదలకుండా పడి ఉంది.