సంత బటన్

నా భార్య హేమలత మా కొండమీది సబ్‌సెంటర్లో నర్సు. నేను అక్కడే అటెండర్ని. ఆమె పోయి ఏడు నెలలైంది. ఊరందరికీ మందులిచ్చి తన జ్వరాన్ని పట్టించుకోలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఆమె కంప్యూటర్లో ఒక ఎక్సెల్ ఫైలు తయారుచేసింది. మా కొండలవాళ్లు తేదీ చెబితే రారు, సంతకు మాత్రం దిగుతారు. అందుకని ఆ ఫైలులో ఒక బటన్ పెట్టింది. నొక్కితే, ఈ వారం ఏ సంతలో ఏ పిల్లలకు ఏ టీకా వెయ్యాలో జాబితా వచ్చేది. బటన్ వెనక పనిచేసేదాన్ని మాక్రో అంటారట. ఆమె చేతిపనిలో నాకు మిగిలింది అదొక్కటే.

హేమలత తర్వాత కొన్ని నెలలు నర్సు లేక ఆ బటన్ ఎవరూ నొక్కలేదు. కొత్త నర్సు దెబోరా చేరిన వారానికి చూస్తే ఫైలులో పేర్లున్నాయి, బటన్ నొక్కితే జాబితా రాలేదు.

"ఏటి సేసీసేవే గుంటా?" అన్నాను.

"నానేటీ సెయ్యలేదు బాబాయ్. నానొచ్చీసరికే అది పనిసెయ్యట్లేదు."

"మరి దెయ్యం ఎత్తుకుపోనాదా?"

పాడేరులో మా పై ఆఫీసరు మేడంకి చీటీ రాశాను. కొత్తమ్మాయి పని పాడుచేసింది, తీసెయ్యండి అని. దెబోరాది కాంట్రాక్టు ఉద్యోగం. సోమవారం వచ్చి సంజాయిషీ చెప్పుకోమని కబురొచ్చింది.

ఆ సోమవారం ఉదయం పాడేరు జీపు కోసం చూస్తూ కూడా దెబోరా కంప్యూటర్ ముందే కూర్చుంది. ఫోనులో చూసి నేర్చుకుని చిన్న మాక్రో ఒకటి కట్టింది.

"నాను పోయినా సంతకి పనికొస్తాది," అంది.

సేవ్ చేయబోతే తెరమీద ఇంగ్లీషులో ఒక పెట్టె లేచింది. కింద ఎస్, నో.

"ఏటంటాదది?" అన్నాను.

"ఈ రకం ఫైల్లో మాక్రో నిలవదంట. ఎస్ కొడితే మాక్రో వదిలేసి మిగతాదే సేవ్ సేస్తాది. నో కొట్టి, మాక్రో ఉండే రకం ఎంచుకోవాల."

నా చేతిలో చీపురు ఆగింది.

హేమలత పోయిన నెలలో పాడేరు నుంచి ఫోనొచ్చింది, ఫైలు మామూలు రకంగా మార్చి పంపమని. వాళ్లు చెప్పినచోటే నొక్కాను. ఈ పెట్టే లేచింది. మా ఊరి బడిలో ఐదు చదివినవాణ్ణి. అక్షరాలు తెలుసు, ఆ వాక్యాలు తెలియవు. ఎవర్నీ అడగలేదు. ఎస్ నొక్కాను. తర్వాత ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనబడ్డాయి. రెండెందుకని పాతది తీసేశాను. కంప్యూటర్లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఊడ్చే పని నాది కదా.

"అది నానే సేసేను," అన్నాను. జరిగింది చెప్పాను.

 దెబోరా నో నొక్కింది. రకం మార్చి సేవ్ చేసింది.

"కాగితం మీద రాసిస్తావా?"

"రాస్తాను."

"బేగి రాయి. జీపెల్లిపోద్ది."

రాశాను. రెండుసార్లు చదివి, తారీకు వెయ్యమంది. వేశాను. మడిచి సంచిలో పెట్టుకుంది.

"వస్తానండీ అటెండరుగారూ," అంది.

అంతవరకూ బాబాయ్ అనేది. నేనైనా అంతే చేసేవాణ్ణి.